మూకీ ప్రేమకథలు, వాటిని దాచినవాళ్లు

మూకీల కాలంలో సినిమా హాళ్లను నింపిన చిత్రాల్లో ప్రేమకథలది పెద్ద వాటా. కోపెన్‌హాగెన్, రోమ్, మాస్కో, హాలీవుడ్, బొంబాయి, షాంఘై ఎక్కడ చూసినా పరిస్థితి అదే. వాటిలో ఇప్పుడు చూడడానికి మిగిలినవి తక్కువ. అమెరికాలో 1912 నుంచి 1929 దాకా విడుదలైన మూకీ ఫీచర్ చిత్రాలు 10,919. తొలి విడుదల నాటి రూపంలో, 35 ఎం.ఎం. ఫిల్ము మీద పూర్తిగా దొరుకుతున్నవి 1,575, అంటే 14 శాతం. ఇంకో 11 శాతం పరాయి దేశాలకు వెళ్లిన ప్రింట్లుగానో, ఇళ్లలో వేసుకునే 28, 16 ఎం.ఎం. నకళ్లుగానో పూర్తిగా ఉన్నాయి. 5 శాతం ముక్కలుగా మిగిలాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం డేవిడ్ పియర్స్ రాసిన 2013 నాటి నివేదికలోని లెక్కలివి.

ఇందులో రెండో అంకెను గమనించాలి. ఆ 11 శాతాన్ని కాపాడింది తీసిన స్టూడియోలు కావు. ప్రింటు తిరిగి పంపని దూరపు ఊరి హాలువాళ్లు, ఇంట్లో ప్రొజెక్టర్ పెట్టుకున్న కుటుంబాలు, ఆ డబ్బాలను కొని బీరువాల్లో దాచుకున్న సేకర్తలు కాపాడారు. ప్రేమకథల విషయంలో ఇది మరీ నిజం. కాలం మారగానే ముందుగా పాతబడిపోయినవీ అవే, జనం మెచ్చడం వల్ల ఎక్కువ ప్రింట్లు పడి ఎక్కువ దూరం వెళ్లినవీ అవే. కొన్ని పోవడానికీ, కొన్ని మిగలడానికీ కారణం ఒక్కటే: జనాదరణ.

ఈ తరహా చిత్రాలు హాలీవుడ్‌లో మొదలవలేదు. 1910లో డెన్మార్క్‌లో ఉర్బాన్ గాడ్ తీసిన 'ఆఫ్‌గ్రుండెన్' ఆస్టా నీల్సన్‌ను ఐరోపా అంతటికీ పరిచయం చేసింది. పద్ధతిగా బతికే పియానో పంతులమ్మ సర్కసువాడి మోహంలో పడి పతనం కావడం దాని కథ. 1913లో ఇటలీలో మారియో కసెరీని తీసిన 'మా లామోర్ మియో నాన్ మువోరే' లీడా బొరెల్లిని తారను చేసింది. ఆ తర్వాత ఫ్రాంచెస్కా బెర్తీని, పీనా మెనికెల్లి వచ్చారు. పొడవాటి గౌన్లు, తెరలు పట్టుకుని నెమ్మదిగా ఒరిగిపోవడాలు, చివర విషం సీసా ఉన్న ఈ చిత్రాలను సినిమా చరిత్రకారులు దీవా చిత్రాలంటారు. కథ పలచన, నటన విస్తారం. బొరెల్లి నటించిన 'రప్సోదియా సతానికా'కు పియత్రో మస్కాన్యీ ప్రత్యేకంగా సంగీతం రాశాడంటే అప్పటి పెద్ద సంగీతకారులు కూడా ఈ చిత్రాలను చిన్నచూపు చూడలేదని అర్థమవుతుంది.

రష్యాలో యెవ్‌గేని బాయెర్ తీసిన చిత్రాలకు మరింత చీకటి రంగు. ఆయన చిత్రాల్లో ప్రేమకు, చావుకు మధ్య గోడ సన్నగా ఉంటుంది. 'చనిపోయాక' (1915) నాయకుడు తనకోసం ప్రాణం తీసుకున్న నటిని, ఆమె పోయిన తర్వాతే ప్రేమిస్తాడు. బాయెర్ తారల్లో ఒకరైన వేరా ఖొలోద్నయా 1919లో ఒడెస్సాలో ఫ్లూ జ్వరంతో పోయేనాటికి ఆమె వయసు పాతికేళ్లు. రష్యా ప్రేక్షకులకు విషాదాంతాలంటే ఎంత ఇష్టమంటే, డెన్మార్క్‌లోని నోర్డిస్క్ సంస్థ ఒకే చిత్రానికి మిగతా ప్రపంచానికి శుభాంతం, రష్యాకు దుఃఖాంతం వేరుగా తీసి పంపేది. ఈ అలవాటు తర్వాత సేకర్తలకు పెద్ద తలనొప్పిగానూ, పెద్ద ఆకర్షణగానూ మారింది.

హాలీవుడ్ ఈ సరుకునంతా తెచ్చుకుని తన పద్ధతిలో మలిచింది. దర్శకుడు గ్రిఫిత్ 'బ్రోకెన్ బ్లాసమ్స్' (1919)లో లిలియన్ గిష్ రెండు వేళ్లతో పెదవుల కొసలను పైకి నెట్టి నవ్వు తెచ్చుకునే దృశ్యం ఒక్కటి చాలు, మాట లేకపోవడం ఆ నటికి లోటు కాదని చెప్పడానికి. జూన్ మాథిస్ అనే స్క్రీన్‌ప్లే రచయిత్రి పట్టుబట్టి 1921 నాటి 'ద ఫోర్ హార్స్‌మెన్ ఆఫ్ ది అపోకలిప్స్'లో రుడాల్ఫ్ వాలెంటినోకు అవకాశం ఇప్పించింది. అదే ఏడు వచ్చిన 'ద షేక్' అతణ్ని వెర్రి అభిమానానికి కేంద్రం చేసింది. 1926 ఆగస్టు 23న న్యూయార్క్‌లో 31 ఏళ్లకే అతడు పోయినప్పుడు శవాన్ని చూడడానికి వచ్చిన గుంపును ఆపడం పోలీసులకు గగనమైంది. అప్పటి ప్రేమకథల వెనక రచయిత్రులు చాలామంది ఉన్నారు. మాథిస్‌తో పాటు ఫ్రాన్సిస్ మారియన్, ఎలినార్ గ్లిన్ చెప్పుకోదగ్గవాళ్లు. హాళ్లలో కూర్చున్నవాళ్లలోనూ స్త్రీలు ఎక్కువని స్టూడియోలకు బాగా తెలుసు. మగవాడి ముఖాన్ని ఆడవాళ్లు కన్నార్పకుండా చూసేలా తెర మీద పెట్టిన తొలి తరం చిత్రాలివి.

ఈ కళ పరాకాష్ఠకు చేరింది మాటలు రావడానికి సరిగ్గా ముందు. 1926 చివర విడుదలైన 'ఫ్లెష్ అండ్ ద డెవిల్'లో గ్రెటా గార్బో, జాన్ గిల్బర్ట్ రాత్రివేళ తోటలో కలుసుకునే దృశ్యాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. గార్బో సిగరెట్‌ను తన పెదవుల మధ్య ఒక క్షణం ఉంచుకుని అతడి పెదవుల్లోకి మారుస్తుంది. అతడు అగ్గిపుల్ల గీస్తాడు. చీకట్లోంచి రెండు ముఖాలు ఒక్కసారి వెలుగుతాయి. ఆమె అగ్గిపుల్లను ఊదేస్తుంది. ఆ వెలుగు నిజానికి అగ్గిపుల్లది కాదు. ఛాయాగ్రాహకుడు విలియం డేనియల్స్ గిల్బర్ట్ అరచేతిలో చిన్న దీపం దాచిపెట్టాడు. మాట్లాడే చిత్రమైతే ఆ చోట ఏదో ఒక డైలాగు పెట్టక తప్పదు, పెడితే దృశ్యం పాడవకా తప్పదు. షూటింగు జరిగేటప్పుడు పక్కన వయొలిన్‌వాళ్లు వాయిస్తూ ఉండడం అప్పటి సెట్లలో మామూలే. హాల్లోనూ పియానో, ఆర్గాన్, పెద్ద పట్నాల్లో పూర్తి వాద్యబృందం ఉండేవి. అందువల్ల ఈ చిత్రాలను మూగవనడం పూర్తిగా సరికాదు.

ఫాక్స్ స్టూడియోలో జర్మనీ నుంచి వచ్చిన దర్శకుడు మూర్నౌ 1927లో 'సన్‌రైజ్' తీశాడు. భార్యను పడవలో తీసుకెళ్లి ముంచేద్దామనుకున్న రైతు, ఆమె వెంట నగరం చేరి, ఆ సాయంత్రం లోపల మళ్లీ ఆమె ప్రేమలో పడే కథ. అదే స్టూడియోలో, అదే ఏడాది, 'సన్‌రైజ్' నాయిక జానెట్ గేనర్‌తోనే ఫ్రాంక్ బొర్జేగీ 'సెవెన్త్ హెవెన్' తీశాడు. పారిస్ మురుగు కాలువల్లో పనిచేసే కుర్రాడు, వీధిపాలైన అమ్మాయి ఏడో అంతస్తులోని గదికి మెట్లెక్కుతుంటే కెమెరా కూడా అంతస్తు తర్వాత అంతస్తు వాళ్లతో పాటు పైకి లేస్తుంది. తర్వాత యుద్ధం విడదీసినా రోజూ పదకొండు గంటలకు ఒకరినొకరు తలచుకోవాలని మాట ఇచ్చుకుంటారు. తార్కికంగా చూస్తే చివరి భాగం నిలవదు. చూస్తున్నప్పుడు మాత్రం ఆ అనుమానం రాదు. గేనర్‌కు తొలి ఆస్కార్ వేడుకలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది ఈ రెండింటికీ, 'స్ట్రీట్ ఏంజెల్'కూ కలిపి. 1928లో స్వీడన్ దర్శకుడు విక్టర్ షోస్ట్రోమ్ లిలియన్ గిష్‌తో తీసిన 'ద విండ్'ను కూడా ఈ వరుసలో చేర్చాలి. ఎడారి గాలికి మతి చలించే అమ్మాయి కథను ప్రేమకథ అనొచ్చా అన్నది వేరే చర్చ.

1929 నాటికి ఇదంతా ఒక్కసారిగా పాతబడింది. గిల్బర్ట్ నాయకుడిగా విడుదలైన తొలి టాకీ 'హిజ్ గ్లోరియస్ నైట్'లో అతడు ప్రేమను నోటితో పదేపదే చెబుతుంటే హాళ్లలో జనం నవ్వారు. గొంతు కీచుగా ఉండడమే కారణమని చాలాకాలం ప్రచారమైంది. మిగిలిన అతడి టాకీలు వింటే ఆ గొంతులో లోపమేమీ కనబడదు. ముఖంతో చెప్పాల్సినదాన్ని నోటితో చెప్పించడమే అసలు తప్పు. ఏమైనా, ఆ నవ్వు పాత ప్రేమకథలన్నిటికీ అంటుకుంది. మూకీ హాస్యచిత్రాలను తర్వాత కూడా పిల్లల కోసం వేశారు, పోరాట చిత్రాలను కత్తిరించి వాడుకున్నారు. ప్రేమకథలకు ఆ రెండో బతుకు కూడా లేదు.

దానికి తోడు అప్పటి ఫిల్ము స్వభావం. 1950ల తొలినాళ్ల దాకా 35 ఎం.ఎం. సినిమాలకు వాడింది నైట్రేట్ ఫిల్ము. అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు, తన మంటకు కావలసిన ఆక్సిజన్‌ను తానే ఇచ్చుకుంటుంది. అంటుకోకపోయినా తనంతట తాను చివికిపోతుంది: మొదట బొమ్మ వెలిసిపోతుంది, తర్వాత చుట్టలు జిగటగా అతుక్కుంటాయి, బుడగలు లేస్తాయి, చివరికి డబ్బాలో గోధుమరంగు పొడి మిగులుతుంది. దాచడానికి ఖర్చు, దాచితే ప్రమాదం. కరిగిస్తే మాత్రం అందులోని వెండి వస్తుంది. లాభనష్టాలు చూసుకునేవాడు ఏం చేస్తాడో చెప్పనక్కర్లేదు. 1937 జులైలో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ గోదాము కాలిపోయింది. మోహినీ పాత్రలకు పేరుపడ్డ థీడా బారా చిత్రాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 'సన్‌రైజ్' మూల నెగటివ్ కూడా అప్పుడే పోయిందని చెబుతారు. ఇప్పుడు చూసేది మిగిలిన ప్రింటు నుంచి తిరిగి తయారుచేసినది.

స్టూడియోలు చేతులు దులుపుకున్న ఆ చోట ఇళ్లలోని చిన్న ఫిల్ములు పనికొచ్చాయి. 1912లో పాథే సంస్థ అంటుకోని ఫిల్ము మీద 28 ఎం.ఎం. గృహ ప్రొజెక్టర్‌ను, 1922 చివర 9.5 ఎం.ఎం. పాథే బేబీని తెచ్చింది. 1923లో కోడాక్ 16 ఎం.ఎం.ను తెచ్చింది. పాథే బేబీలో రంధ్రాలు అంచున కాక ఫ్రేముల మధ్య ఉంటాయి. మాటలు, వివరణలు చూపే అక్షరాల కార్డు కోసం ఫిల్మంతా ఖర్చుపెట్టకుండా రెండు మూడు ఫ్రేములే అచ్చువేసి, ఫిల్ము అంచున చిన్న గాటు పెట్టేవారు. గాటు తగలగానే ప్రొజెక్టర్ ఆ ఫ్రేమును కొన్ని సెకన్లు నిలిపి ఉంచి, మళ్లీ కదిలేది. పొదుపు తెలివి అంటే ఇదీ. కోడాక్ నడిపిన కోడస్కోప్ లైబ్రరీలు 1924 నుంచి 1930ల చివరి దాకా సినిమాలను ఇళ్లకు అద్దెకిచ్చాయి. పూర్తి నిడివి చిత్రాలను చాలాసార్లు కుదించి ఇచ్చేవారు. అలా కుదించిన ప్రతి ఒక్కటే మిగిలిన చిత్రాలూ ఉన్నాయి. తర్వాతి తరంలో అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లోని బ్లాక్‌హాక్ ఫిల్మ్స్ 8, 16 ఎం.ఎం. ప్రింట్లను టపాలో అమ్మింది. 1950, 60లలో పెరిగిన ఎందరో సేకర్తలు మూకీలను మొదట చూసింది ఆ కేటలాగుల నుంచి తెప్పించుకునే.

వాళ్లలో ఇద్దరి పేర్లు చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. ఇంగ్లండ్‌లో కెవిన్ బ్రౌన్‌లో పదకొండో ఏట 9.5 ఎం.ఎం. ప్రొజెక్టర్‌తో మొదలుపెట్టి, ఆ చిన్న రీళ్ల వెనక ఉన్న మనుషులను వెతుక్కుంటూ హాలీవుడ్ దాకా వెళ్లాడు. అప్పటికి బతికున్న మూకీ తారలు, దర్శకులు, కెమెరామెన్‌ల మాటలతో 1968లో 'ద పెరేడ్స్ గాన్ బై' పుస్తకం, 1980లో డేవిడ్ గిల్‌తో కలిసి 'హాలీవుడ్' టీవీ ధారావాహిక వచ్చాయి. 2010లో ఆయనకు గౌరవ ఆస్కార్ దక్కింది. ఇంగ్లండ్‌లోనే పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడ్డ విలియం ఎవర్సన్ వేలాది ప్రింట్లు పోగుచేసి, థియొడార్ హఫ్ ఫిల్మ్ సొసైటీలోనూ, న్యూయార్క్ విశ్వవిద్యాలయ తరగతుల్లోనూ వేసి చూపేవాడు. ప్రతి ప్రదర్శనకూ ఆయన టైపుచేసి పంచిన పేజీలు ఇప్పటికీ పరిశోధకులకు ఆధారం. దాచుకోవడం వేరు, చూపించడం వేరు. మంచి సేకర్తలు రెండోదాన్నే ముఖ్యమనుకున్నారు. అందరూ అలా లేరనీ చెప్పాలి. తన దగ్గరున్నది ఇంకెవరి దగ్గరా లేదన్న సంతోషం కోసమే డబ్బా మూత తెరవకుండా ఫిల్మును చివికిపోనిచ్చినవాళ్లూ ఉన్నారు.

చట్టం దృష్టిలో వీళ్ల స్థితి చాలాకాలం దొంగకూ దొరకూ మధ్య ఊగిసలాడింది. హాళ్లకు వెళ్లే ప్రింట్లను స్టూడియోలు అద్దెకిచ్చేవే తప్ప అమ్మేవి కావు. కాబట్టి ఎవరి ఇంట్లోనైనా ప్రింటు ఉందంటే అది ఎక్కడో దారి తప్పిందనే లెక్క. 1974లో నటుడు రాడీ మెక్‌డొవాల్ ఇంట్లో ఎఫ్.బి.ఐ. సోదా చేసి ఆయన పోగుచేసుకున్న ప్రింట్లు, వీడియో క్యాసెట్లు పట్టుకుపోయింది. ఆయన మీద చివరికి కేసు పెట్టలేదు గానీ, సేకర్తలు బెదిరి నోరు మెదపడం మానేశారు. ఏ సినిమా ఎవరి దగ్గర ఉందో ఆర్కైవ్‌లకు తెలియకుండా పోవడానికి ఆ భయమూ ఒక కారణం. అమెరికా చట్టం ప్రకారం 95 ఏళ్లు దాటిన చిత్రాల మీద హక్కులు తీరిపోతాయి. 1929 దాకా విడుదలైనవన్నీ 2025 జనవరి 1 నాటికి అందరి సొత్తయ్యాయి. ఆలస్యమైనా ఆ చిక్కు దాదాపు వీడింది.

సేకర్త చేతికి ఒక రీలు వచ్చినప్పుడు మొదట పనిచేసేది ముక్కు. పుల్లటి వెనిగర్ వాసన వస్తే అది అసిటేట్ ఫిల్ము, కుళ్లడం మొదలైంది, మిగతా రీళ్లకు దూరంగా పెట్టాలి. తర్వాత అంచు చూస్తారు. కోడాక్ ముడి ఫిల్ము అంచున వలయం, చతురస్రం, త్రికోణం గుర్తులు అచ్చువేసేది. ఆ గుర్తుల కూర్పు ఫిల్ము తయారైన ఏడును చెబుతుంది. ఇరవై ఏళ్లకోసారి అదే కూర్పు తిరిగి వస్తుంది కాబట్టి 1927 గుర్తు కనబడితే అది 1947 కూడా కావచ్చు. ఆ తేడాను రంధ్రాల అరుగుదల, ముక్కలు అతికిన చోట్లు, నలుపు తెలుపుల గాఢత చూసి తేల్చుకుంటారు. కోడస్కోప్ ప్రింటయితే ఫిల్ముకే తేనెరంగు అద్దకం ఉంటుంది. మూకీలు నలుపు తెలుపులనుకోవడం టీవీ చూసి ఏర్పడ్డ భ్రమ. రాత్రికి నీలం, దీపం వెలుగుకు పసుపు, ప్రేమ సన్నివేశానికి కొన్నిసార్లు గులాబీ రంగు అద్దేవారు. ఆ రంగులు ఆ కాలపు ప్రింట్ల మీదే ఉంటాయి, మూల నెగటివ్‌లో ఉండవు. అందుకే ఒక్కోసారి ఆర్కైవ్‌లోని మంచి నెగటివ్ కంటే సేకర్త దగ్గరున్న గీతలు పడ్డ ప్రింటే ఎక్కువ చెబుతుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు, ఒకే సినిమాకు ఒకే రూపం లేకపోవడం. సొంత దేశానికి ఒక నెగటివ్, ఎగుమతికి ఇంకొకటి తయారుచేసేవారు. పక్కపక్కన రెండు కెమెరాలు పెట్టడమో, రెండో టేకును వాడడమో జరిగేది. 'సన్‌రైజ్' అమెరికా ప్రతిలో సంగీతపు ధ్వని పట్టీ కోసం ఫ్రేము ఒక పక్క కుదించుకుపోయింది. చెక్ ఆర్కైవ్‌లో దొరికిన ప్రతి నిడివిలో చిన్నదే గానీ, బొమ్మ పూర్తి వెడల్పుతో ఉంటుంది. రెండింట్లో ఏది అసలుదని అడిగితే తెలిసినవాళ్లు కూడా తడబడతారు. గార్బో, గిల్బర్ట్ నటించిన 'లవ్' (1927) 'అన్నా కరేనినా'కు తెర రూపం. దానికి ఎం.జి.ఎం. స్టూడియో రెండు ముగింపులు తీసింది. ఒకదాంట్లో అన్నా రైలు కింద పడుతుంది, రెండోదాంట్లో భర్త చనిపోయి ప్రేమికులు కలుస్తారు. టాల్‌స్టాయ్ నవలకు శుభం కార్డు వేయడం ఇప్పుడు నవ్వు తెప్పించినా, దాన్ని కూడా దాచుకోవాల్సిందే. అప్పటి వ్యాపారులు ప్రేక్షకుణ్ని ఎలా అంచనా వేశారో ఆ రెండో ముగింపే చెబుతుంది. ప్రొజెక్టర్ వేగం ఇంకో తగవు. సెకనుకు 16 నుంచి 24 ఫ్రేముల దాకా ఎంతయినా ఉండొచ్చు. తప్పు వేగంలో వేస్తే ముద్దు కూడా గెంతులా కనబడుతుంది.

పోయాయనుకున్న ప్రేమకథలు తిరిగి దొరికిన చోట్లు చూస్తే ఒక వరుస కనబడుతుంది. ప్రింటు ఊరూరూ తిరిగి చిట్టచివరి హాలుకు చేరాక దాన్ని వెనక్కి పంపడానికి అయ్యే రవాణా ఖర్చు ఎవరూ పెట్టుకునేవారు కాదు. కెనడా ఉత్తరాన యూకాన్‌లోని డాసన్ అలాంటి చివరి ఊరే. అక్కడ పేరుకుపోయిన రీళ్లను 1929లో పాత ఈతకొలను పూడ్చడానికి వాడారు. గడ్డకట్టిన నేలలో పడి ఉన్న 533 రీళ్లు 1978లో తవ్వకాల్లో బయటపడ్డాయి. చైనా తార రువాన్ లింగ్‌యూ నటించిన 'లవ్ అండ్ డ్యూటీ' (1931) దొరికింది చైనాలో కాదు, ఉరుగ్వేలో. గార్బో నటించిన 'ద డివైన్ వుమన్' నుంచి ఒక్క రీలు మాస్కో ఆర్కైవ్‌లో కనబడింది. బొర్జేగీ 'లక్కీ స్టార్' (1929) ప్రతి నెదర్లాండ్స్‌లో తేలింది. కాళ్లు చచ్చుబడిన సైనికుడికీ, మురికి గుడ్డల అమ్మాయికీ మధ్య ప్రేమ కథ అది. అది దొరికాక బొర్జేగీ స్థానమే మారిపోయింది, 'సెవెన్త్ హెవెన్' దర్శకుడన్న ఒక్క ముద్ర చెరిగిపోయింది.

వీటన్నిటిలో ఎక్కువగా చెప్పుకునేది 'బియాండ్ ద రాక్స్' (1922). వాలెంటినో, గ్లోరియా స్వాన్‌సన్ కలిసి నటించిన ఏకైక చిత్రం, ఎలినార్ గ్లిన్ నవల ఆధారం. దశాబ్దాల పాటు పోయిందనే అనుకున్నారు. నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ నగరంలో ఒక సేకర్త చనిపోయాక ఆయన దగ్గరున్న దాదాపు రెండు వేల తుప్పు పట్టిన డబ్బాలు నెదర్లాండ్స్ ఫిల్మ్ మ్యూజియానికి చేరాయి. రీళ్లు ఒకచోట లేవు, క్రమం లేదు. డబ్బాల్లో ఒక్కొక్కటిగా గుర్తుపట్టి చిత్రాన్ని కూర్చడానికి ఏళ్లు పట్టింది. అక్షరాల కార్డులు డచ్ భాషలో ఉండడంతో ఇంగ్లిష్‌లో తిరిగి రాయాల్సి వచ్చింది. కొన్నిచోట్ల కుళ్లు ఆనవాళ్లు బొమ్మ మీద అలలుగా కనబడతాయి. 2005లో ఆమ్‌స్టర్‌డామ్‌లో దాన్ని ప్రదర్శించారు. నిజం చెప్పాలంటే సినిమా మధ్యస్థంగా ఉంటుంది. కొండ మీద నుంచి జారిపడడం, పడవ ప్రమాదం, విసిగించే ముసలి భర్త లాంటి అరిగిపోయిన సరంజామా చాలా ఉంది. స్వాన్‌సన్ గౌన్లకూ, వాలెంటినో చూపుకూ మాత్రం వంక పెట్టలేం. పోయినప్పుడు అది కళాఖండమన్నారు, దొరికాక ఒక మామూలు స్టూడియో ప్రేమకథ అని తేలింది. అయినా వాలెంటినో ఏ స్థాయి సరుకుతో అంత ఆకర్షణ సాధించాడో తెలిసింది ఆ సినిమా వల్లే.

ఫిల్ము కొనలేనివాళ్లు, దాచలేనివాళ్లు కాగితం పోగుచేస్తారు. 27×41 అంగుళాల వాల్‌పోస్టర్లు, 11×14 అంగుళాల ఎనిమిదేసి లాబీ కార్డుల సెట్లు, 'ఫొటోప్లే' లాంటి అభిమానుల పత్రికలు, తారల బొమ్మల పోస్టుకార్డులు, హాళ్లలో వేసే గాజు స్లైడులు ఇందులోకి వస్తాయి. 'సెవెన్త్ హెవెన్' కోసం ఎర్నో రాపీ, లూ పొలాక్ కూర్చిన 'డయాన్' పాట స్వరలిపి సినిమాకంటే ఎక్కువ ఇళ్లలో బతికింది. రికార్డు ధరలు పలికేవి ప్రేమకథల పోస్టర్లు కావు, భయానక, వైజ్ఞానిక చిత్రాలవి. 'మెట్రోపొలిస్' పోస్టరు 2005లో 6,90,000 డాలర్లకు అమ్ముడైంది. డబ్బు కోసం పోగుచేసేవాళ్లు అటు వెళ్లడం వల్ల ప్రేమకథల కాగితాలు మామూలు సేకర్తలకు కొంతైనా అందుబాటులో మిగిలాయి.

ఈ అభిమానానికి కళ్లు మూతలు పడిన చోట్లూ ఉన్నాయి. 'ద షేక్' కథ ఒక స్త్రీని ఎత్తుకుపోయి, ఆమె చేత ప్రేమింపజేసుకోవడం. పైగా చివరికి నాయకుడు అరబ్బు కాడనీ, ఐరోపావాళ్ల బిడ్డనీ తేలుతుంది. ప్రేమ ముందుకు సాగాలంటే రక్తం తెల్లదై ఉండాలన్నమాట. 'బ్రోకెన్ బ్లాసమ్స్' చైనీయుడి మీద సానుభూతి చూపుతుంది, ఆ పాత్ర మాత్రం తెల్ల నటుడు రిచర్డ్ బార్తెల్మెస్‌కు ఇస్తుంది. గార్బో ఏ రీలులో తల తిప్పినా పట్టించుకునే సేకర్తలు, పేరులేని తారలతో చవగ్గా తీసిన వందల మామూలు ప్రేమకథలను వదిలేశారు. ఆ కాలపు సగటు రుచి ఏమిటో చెప్పగలిగేవి అవే.

భారతదేశంలో మూకీల కాలంలో దాదాపు 1,300 చిత్రాలు తీశారు. మిగిలినవి ముప్పై దాకా, అవీ చాలావరకు ముక్కలే. ఇక్కడా దూరం వెళ్లినవే బతికాయి. నిర్మాత హిమాంశు రాయ్, జర్మన్ దర్శకుడు ఫ్రాన్జ్ ఓస్టెన్ కలిసి తీసిన 'షిరాజ్' (1928), 'ప్రపంచ పాశ్' (1929) ఐరోపా సంస్థల భాగస్వామ్యంతో తయారై అక్కడ విడుదల కావడం వల్ల బ్రిటన్ ఆర్కైవ్‌లో భద్రంగా ఉన్నాయి. 'ప్రపంచ పాశ్'లో ఇద్దరు రాజులు ఒకే అమ్మాయిని ప్రేమించి పాచికలాటకు దిగుతారు. సీతాదేవి, చారు రాయ్‌ల ముద్దు సన్నివేశం అందులో ఏ దాపరికం లేకుండా ఉంటుంది. 'షిరాజ్'కు 2017లో అనౌష్క శంకర్ కొత్త సంగీతం కూర్చారు. ఇక్కడే తిరిగి ఇక్కడే అరిగిపోయిన వాటికి ఆ అదృష్టం లేదు. బొంబాయి ఇంపీరియల్ సంస్థ తార సులోచన, డి. బిల్లిమోరియా జంట అప్పట్లో దేశమంతటికీ ప్రేమ జంట. బొంబాయి గవర్నరు కంటే ఆమెకు జీతం ఎక్కువని జనం చెప్పుకునేవారు. 1928లో లాహోర్ సంస్థ సీతాదేవితో అనార్కలి కథ తీస్తోందని తెలిసి, ఇంపీరియల్ సులోచనతో తన 'అనార్కలి'ని హడావుడిగా ముగించి ముందే విడుదల చేసింది. 1955లో అంజలీదేవి, అక్కినేనిల ద్వారా తెలుగువాళ్లకు దగ్గరైన కథకు ఆ రెండూ పూర్వరూపాలు.

తెలుగువాళ్ల మూకీల సంగతి ఇంకా దిగులుగా ఉంటుంది. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో హాలు కట్టి, కొడుకు ప్రకాశ్‌తో కలిసి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. పౌరాణికమే అయినా ఆ ప్రతిజ్ఞ వెనక ఉన్నది శంతనుడు సత్యవతిని మోహించడమే. ఆ చిత్రం గానీ, వాళ్లు తీసిన మిగతావి గానీ దొరకలేదు. కొద్ది ప్రింట్లు వేసి, డేరాల్లో తెర పక్కన వ్యాఖ్యాత కథ చెబుతుండగా అరిగేదాకా ఆడించి, అరిగాక వదిలేయడం రివాజు. ఎగుమతి లేదు, ఇళ్లలో వేసుకునే నకళ్లు లేవు, దాచే సేకర్తలూ లేరు. హైదరాబాద్‌లో నిజాం కాలంలో ధీరేంద్రనాథ్ గంగూలీ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి చిత్రాలు తీశాడు, హాళ్లు నడిపాడు. 1924లో ముస్లిం రాణికీ హిందువుకీ మధ్య ప్రేమను చూపిన బొంబాయి చిత్రం 'రజియా బేగం'ను ప్రదర్శించినందుకు నిజాం ప్రభుత్వం ఆయన్ను నగరం నుంచి వెళ్లగొట్టింది. ఒక ప్రేమకథ దెబ్బకు హైదరాబాద్ మూకీ పరిశ్రమ మూతపడింది.

1964లో పూణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడి పి.కె. నాయర్ ఊరూరా తిరిగి డబ్బాలు పోగుచేసేనాటికి దక్షిణాది మూకీలు చాలావరకు పోయాయి. 1933 నాటి మలయాళ మూకీ 'మార్తాండ వర్మ' మిగిలింది మాత్రం విచిత్రంగా. దానికి ఆధారమైన నవల ప్రచురణకర్త హక్కుల కోసం కోర్టుకెక్కి ప్రింటును స్వాధీనం చేసుకోగా, అది పుస్తకాల మధ్య పడి ఉంది. పశ్చిమాన సేకర్తలు చేసిన పనిని ఇక్కడ ఒక వ్యాజ్యం చేసిపెట్టింది. పాత ఫిల్మును శుభ్రం చేయడం, అతకడం, స్కాన్ చేయడం నేర్పే పని ఇప్పుడు శివేంద్ర సింగ్ దుంగార్పూర్ నడిపే ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ చేపట్టింది. 2019 డిసెంబరులో ఆ శిక్షణ శిబిరం హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియోస్‌లో జరిగింది.